సీక్వెల్ ఆడాలంటే ముందు భాగం ఆడే తీరాలా?

అలిపిరి_ఆటగాడు
మా తమ్ముడు సేల్‌లో తక్కువకు వచ్చిందని గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ అనే వీడియో గేమ్ కొన్నాడు. 2018లో వచ్చిన ముందు భాగం వాడు ఆడలేదు, మెనూలో పాత కథ చెప్పే చిన్న వీడియో చూసి మొదలుపెట్టేశాడు. మొదట్లోనే ఫ్రేయా అనే దేవత హీరో క్రేటోస్ మీద విరుచుకుపడుతుంది కదా, తన కొడుకును చంపాడని ఆమె కోపం. వాడికి ఆ సంగతి తెలుసు, వీడియోలో చూశాడు, కానీ ఏమీ అనిపించలేదు. నాకు మాత్రం గొంతు పట్టేసింది, ఎందుకంటే ముందు భాగంలో ఆమె చేసిన సాయమంతా నేను ఆడి చూసినవాణ్ణి. చిన్నప్పుడు భవానీనగర్ నెట్ సెంటర్లో జీటీఏ సిరీస్‌లోని వైస్ సిటీ ఆడినా, శాన్ ఆండ్రియాస్ ఆడినా ఈ ఇబ్బంది లేదు, దేని కథ దానిదే. అలా విడిగా ఉంటేనే మంచిదా, కథ కొనసాగాలా? మీరేమంటారు?

పుత్తూరు_పిల్లోడు
విడిగానే ఉండాలన్నా. ఫైనల్ ఫాంటసీ 1987 నుంచి నంబరు మారితే లోకమే మార్చేస్తోంది, పదో భాగానికి 2003లో నేరుగా సీక్వెల్ వచ్చేదాకా అదే పద్ధతి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 నేను పీసీలో ఆడాను, మొదటిది పీసీకి 2024 అక్టోబర్ దాకా రానే లేదు, మరి నేనేం చేయాలి? అయినా లోటు తెలియలేదు, రెండోదాని కథ 1899లో, మొదటిదాని కథ 1911లో జరుగుతుంది కాబట్టి. రెండోదాని హీరో ఆర్థర్ కోసం ఏడ్చాను, మొదటి ఆటలో అతని పేరు కూడా లేదు. కొనసాగించే కథల్లో ఇంకో బాధ ఉంది, షెన్మూ రెండో భాగం 2001లో వస్తే మూడోది 2019లో వచ్చింది, అప్పటికీ కథ పూర్తి కాలేదు.

గాంధీరోడ్డు
నేను ఒప్పుకోను. మాస్ ఎఫెక్ట్ మూడు భాగాలూ, 2007, 2010, 2012, ఒకే సేవ్‌తో, అంటే ఒక భాగంలో దాచుకున్న ఆటనే తర్వాతిదాంట్లోకి తెచ్చుకుని ఆడాను. మొదటిదాంట్లో నా నిర్ణయం వల్ల నా జట్టులోని రెక్స్ చనిపోతే తర్వాత రెండింట్లోనూ అతను లేడు. ఆ బరువు విడి కథలో ఎక్కడ దొరుకుతుంది? కానీ ఒకటి నిజం, పాత సేవ్ లేకుండా రెండోదో మూడోదో మొదలుపెడితే రెక్స్ ముందే చనిపోయినట్టు ఆటే లెక్క వేసుకుంటుంది. కొత్తవాళ్లకు ఎవరిని పోగొట్టుకున్నారో కూడా తెలియదు. అది అన్యాయం.

చిత్తూరు_మామిడితోట
మా ఊర్లో ధర్మరాజుల గుడి దగ్గర 18 రోజులు భారతం జరుగుతుంది, మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. మా అత్త వాళ్లు అర్జున తపస్సు నాడు మాత్రమే వస్తారు. అర్జునుడి వేషగాడు అంత పొడుగు మాను ఎక్కుతున్నాడంటే అస్త్రం కోసమని నాటకంలోనే చెప్తారు, వాళ్లు కళ్లార్పకుండా చూస్తారు, ముందు రోజులు చూడలేదని ఎవరూ వెనక్కి పోరు. కానీ మా అవ్వ మొదటి రోజు నుంచీ కూర్చుంటుంది. ఆఖరి రోజు దుర్యోధనుడి మట్టిబొమ్మ దగ్గర ద్రౌపది జుట్టు ముడివేసుకునేటప్పుడు అవ్వ ఏడ్చినట్టు ఇంకెవరూ ఏడవరు. సీక్వెల్ కూడా అలా ఉండాలి. ఆ రాత్రి కథలో మనిషి ఏం కోరుతున్నాడో ఆ రాత్రే తెలియాలి, ముందు నుంచీ ఉన్నవాళ్లకు ఇంకా లోతుగా తగలాలి.

మీ తమ్ముడు ఆడని ఆ 2018 భాగమే చూడండి, అది 2010లో వచ్చిన మూడో భాగానికి కొనసాగింపు. నేను పాతవి ఒక్కటీ ఆడలేదు. తల్లి అస్థికలు ఎత్తైన కొండమీద కలపాలని తండ్రీకొడుకులు బయలుదేరతారు, అంతే, ఇంకేం తెలియాలి? ఇంటి నేలకింద దాచిన పాత కత్తులు క్రేటోస్ బయటికి తీసేటప్పుడు ఆ మొహం చూస్తేనే అర్థమైపోయింది, వాటితో ఏదో ఘోరం చేశాడని. రాగ్నరాక్‌లో ఫ్రేయా కోపానికి అలాంటి ఒక్క సీన్ ముందు పెట్టి ఉంటే మీ తమ్ముడికీ తగిలేది, వీడియో చాలదు.

అలిపిరి_ఆటగాడు
కత్తుల సీన్ గుర్తుచేశారు, నేనూ పాతవి ఆడకుండానే అక్కడ ఆగిపోయాను. తమ్ముడికి చెప్పాను, రాగ్నరాక్ పక్కన పెట్టి 2018ది ఇన్‌స్టాల్ చేస్తున్నాడు. ఫ్రేయా ఇల్లు వచ్చినప్పుడు నేను పక్కనే కూర్చుంటా.