టెక్నికల్ రౌండ్‌లో నోరు పెగలడం లేదు, ఏం చేయాలి?

జావా తిరుపతి:
ఎస్వీయూలో ఎంసీఏ చేసి, ఊళ్లోనే ఒక చిన్న కంపెనీలో జావా ప్రోగ్రామింగ్ మీద పని చేస్తున్నాను. బెంగళూరు కంపెనీల నుంచి ఇంటర్వ్యూ కాల్స్ వస్తున్నాయి, టెక్నికల్ రౌండ్‌లోనే పోతోంది. మొన్నటిదే చెప్తాను. నా కెమెరా ఆన్, ఇంటర్వ్యూ చేసే ఆయనది ఆఫ్. స్క్రీన్ మీద గుండ్రంగా ఆయన పేరులో మొదటి అక్షరం, అంతే. ప్రశ్న తేలికే: కొన్ని అంకెలు ఇచ్చి, ఏ రెండు కలిపితే ఫలానా మొత్తం వస్తుందో కనుక్కోమన్నాడు. రెండు లూపులతో, అంటే ప్రతి అంకెను మిగతావాటితో కలిపి చూసేలా రాశాను. ఇంకా బాగా చేయగలవా అన్నాడు. చూసినవాటిని దాచి, అడగ్గానే వెతికిచ్చే హ్యాష్‌మ్యాప్ తట్టింది, నోరు మెదపకుండా గమ్మున కూర్చుని రాశాను, సరిగ్గానే రన్ అయింది. తర్వాత హ్యాష్‌మ్యాప్ లోపల ఏం జరుగుతుందో చెప్పమన్నాడు. తెలుసు! మనసులో తెలుగులో గడగడా నడుస్తోంది, ఇంగ్లీషులో బయటికి రాదే! చివరికి ఒక మెయిల్ వచ్చింది, కారణం లేదు. ఇక్కడొక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు స్పోకెన్ ఇంగ్లీషులో చేరితే జాబ్ గ్యారంటీ అంటున్నారు. చేరనా?

పలమనేరు బస్సు:
గ్యారంటీ అన్న చోట డబ్బు కట్టొద్దక్కా.

గ్రీమ్స్‌పేట:
చెల్లీ, మాది చిత్తూరు. బెంగళూరులో పని, ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటుంటాను. నాకు తెలిసి దెబ్బ కొట్టింది ఇంగ్లీషు కాదు, ఆ గమ్మున రాయడం. కాల్ అయ్యాక మేము ఒక ఫారం నింపాలి: అభ్యర్థి సమస్యను ఎలా విడగొట్టారు, ఏమేం అడిగారు, ఎందుకు ఈ దారి ఎంచుకున్నారు. నువ్వు మాట్లాడకపోతే అక్కడ రాయడానికి నా దగ్గర ఏమీ ఉండదు. కోడ్ రన్ అయిందన్న ఒక్క ముక్క తప్ప.

కీబోర్డు ముట్టుకోకముందే అడుగు: మైనస్ అంకెలుంటాయా, ఒకే అంకెను రెండుసార్లు వాడొచ్చా, జత దొరక్కపోతే ఏం ఇవ్వాలి? తర్వాత, "రెండు లూపులతో అవుతుంది, కానీ లక్ష అంకెలుంటే దాదాపు 500 కోట్ల జతలు చూడాలి. హ్యాష్‌మ్యాప్ పెడితే ఒక్క చుట్టులో అయిపోతుంది, బదులుగా మెమరీ ఖర్చు" అని చెప్పు. ఇంతే. క్రియలు తప్పినా పర్లేదు, మా టీమ్‌లో అందరూ అలాగే మాట్లాడతారు.

ఇక లోపలి సంగతి. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో భక్తుల్ని కంపార్ట్‌మెంట్లకు పంపినట్టు, హ్యాష్‌కోడ్, అంటే కీ నుంచి లెక్కగట్టిన ఒక నంబరు, ప్రతి కీని (విలువను వెతికే పేరు లాంటిది) ఒక బకెట్‌కు, అంటే ఒక గదికి పంపుతుంది. అక్కడికెళ్లాక ఈక్వల్స్‌తో పోల్చి మన కీ ఏదో పట్టుకుంటుంది. అన్నీ ఒకే బకెట్‌లో పడితే వరసగా వెతుక్కోవాల్సిందే. 2014లో వచ్చిన జావా 8 నుంచి ఒక బకెట్‌లో కీలు ఎనిమిది దాటితే, టేబుల్ సైజు (మొత్తం బకెట్లు) కనీసం 64 ఉంటే, ఆ వరస లిస్టు రెడ్-బ్లాక్ ట్రీగా, అంటే తొందరగా వెతకగలిగే చెట్టు లాంటి అమరికగా మారుతుంది. ఈ చివరి ముక్క చెప్పినవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను. చెప్తే అవతలివాడు కుర్చీలో కాస్త ముందుకొస్తాడు.

రేణిగుంట జంక్షన్:
అన్నా, అన్నీ ఆ అమ్మాయి మీదే వేస్తే ఎట్లా? కెమెరా ఆపేసుకుని, ఊఁ కొట్టకుండా కూర్చుంటే ఎవరికైనా నోరు ఎండిపోతుంది. కారణం చెప్పకుండా మెయిల్ పంపడం ఇంకో మర్యాద! మీ ప్యానెల్‌లో కెమెరా ఆన్ చేస్తారా?

గ్రీమ్స్‌పేట:
నేను చేస్తాను తమ్ముడూ. అందరూ చేయరు, అది నిజమే. చెల్లీ, కనిపించకపోతే మొదట్లోనే "కెమెరా ఆన్ చేస్తారా?" అని అడుగు. ఎవరూ మార్కులు తగ్గించరు.

జావా తిరుపతి:
థాంక్స్ అన్నా. నిన్న రాత్రి మిద్దె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఇంటర్ చదివే మా తమ్ముడిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడుతూ కోడ్ రాశాను. వాడికి జావా రాదు, అయినా "ఆ లూపు ఎందుకు తీసేశావ్?" అని మధ్యలో అడిగాడు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, కానీ ఆగలేదు. ఇంకొకటి: నా అనుభవానికి సిస్టమ్ డిజైన్ (పెద్ద సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని ఎలా కట్టాలన్న ప్రశ్నలు) కూడా అడుగుతారా?

గ్రీమ్స్‌పేట:
పెద్దగా అడగరు. కానీ రెజ్యూమెలో రాసిన ప్రాజెక్టు మీద పడతారు. డేటాబేస్‌లో ఏ కాలమ్‌కు ఇండెక్స్ (తొందరగా వెతకడానికి పెట్టే సూచిక) పెట్టావో, ఎందుకో చూసుకుని వెళ్లు. మీ తమ్ముడికి అది కూడా చెప్పి చూడు.