ఆలా-కుల్ కనుమకి గైడ్ కావాలా, అక్కర్లేదా? (కిర్గిజ్‌స్తాన్)

పాలపిట్ట:
ఆగస్టు రెండో వారంలో నలుగురం కిర్గిజ్‌స్తాన్ వెళ్తున్నాం. తమ్ముడు బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు, వాడూ వస్తాడు. కరకోల్ ఊరి నుంచి బయల్దేరి ఆలా-కుల్ సరస్సు చూసి, కనుమ దాటి, అల్తిన్-అరషాన్ వేడినీటి బుగ్గల దగ్గర దిగి ఆక్-సూ చేరాలని ప్లాను. చేతిలో రెండు రోజులున్నాయి, లాగితే మూడు. గైడ్ పెట్టుకోవాలా?

నాగావళి:
తప్పకుండా పెట్టుకోండి. కనుమ 3,920 మీటర్లు. అవతలి వైపు నిట్టనిలువు వాలు, అంతా జారే రాళ్లే. మొదటిసారి వెళ్లేవాళ్లు సొంతంగా దిగాల్సిన చోటు కాదు.

శేషాచలం:
అక్కర్లేదండీ. జులై నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఆ దారిలో మనుషులు కనబడని గంట ఉండదు. ఊళ్లో మార్షృత్కా (అక్కడి షేర్ మినీ బస్సు) ఎక్కితే పార్కు గేటు దాకా దింపుతుంది. అక్కడి నుంచి కరకోల్ నది పక్కనే జీపు బాట. వంతెన దాటాక స్ప్రూస్ చెట్ల అడవిలో ఎడమకి ఎక్కుడు మొదలవుతుంది, సిరోటా మకాం దాకా అదే. అది సుమారు 2,900 మీటర్లు. మర్నాడు జలపాతం పక్కగా ఎక్కితే సరస్సు, 3,530. సరస్సు ఒడ్డు పైనుంచి సాగి కనుమ. దిగితే కెల్దికె లోయ, ఆ ఏరు వెంట నడిస్తే అరషాన్. ఆఫ్‌లైన్ మ్యాపు ముందే దించుకుంటే దారి తప్పరు. పైగా కనుమ 3,860 మీటర్లే, 3,920 కాదు.

నాగావళి:
3,920 అని చాలా మ్యాపుల్లో ఉంది.

శేషాచలం:
3,860 అని కూడా చాలా మ్యాపుల్లో ఉంది. అంకె పెంచి జనాన్ని భయపెట్టకండి.

ఓరుగల్లు_రైడర్:
అన్నా, గా లొల్లంతా ఎందుకు? సోంగ్-కుల్ సరస్సుకు పోండ్రి. గుర్రమెక్కి పోతే పచ్చిక మైదానం, యర్ట్‌ల (గుండ్రటి గుడారం) పడక. అల్కగ ఐతది.

నాగావళి:
మళ్లీ మ్యాపు గొడవేనా? వాలు సంగతి చెప్పండి. నలుగురూ ఒకరి కింద ఒకరు దిగితే పైవాడి కాలి కింద కదిలిన రాయి కిందివాడికి తగులుతుంది. ఒక్కొక్కరే దిగాలి, లేదా పక్కపక్కగా ఎడం పెట్టి దిగాలి. కాలి మడమ నాటి అడుగు వెయ్యాలి. కర్రలు దిగేటప్పుడు పొడుగు పెంచుకోవాలి. పొద్దున్నే దాటకపోతే మధ్యాహ్నం ఉరుములు పట్టుకుంటాయి. ఇవన్నీ అక్కడ పక్కనుండి చెప్పేవాడు కావాలి.

శేషాచలం:
ఇప్పుడు మీరే చెప్పేశారు కదా. అవే నాలుగు మాటలు కాగితం మీద రాసి జేబులో పెట్టుకుంటే సరిపోతుంది. గైడ్ అన్నవాడు సంచి మోయకుండా అరగంట ముందే నడిచిపోయి, వాలు దగ్గర కనబడకపోవడం నాకు జరిగింది. రోజు కూలీ మాత్రం పూర్తిగా కట్టాను. ఆ డబ్బుతో ఒక రోజు ఎక్కువ ఉండొచ్చు.

కృష్ణలంక:
మీరిద్దరూ కనుమ ఎత్తు గురించే కొట్టుకుంటున్నారు. కనుమ మీద ఉండేది పావుగంట. చూడాల్సింది రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది. బిష్కెక్ 800 మీటర్లు, కరకోల్ 1,750 దరిదాపు. ఆ రాత్రికే సిరోటాలో 2,900లో పడుకోవడం అలవాటు లేనివాళ్లకి పెద్ద గెంతు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం మొదలైతే ఇంకా పైకి వెళ్లకూడదు. నేల మీద గీత గీసి ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనించి పది అడుగులు వెయ్యమనండి. తూలితే ఆ క్షణమే దిగాలి, తెల్లారే దాకా ఆగకూడదు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర 125 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి మొదలుపెట్టడం మామూలు పద్ధతి. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్ని అడిగే వేసుకోండి.

ఇక సోంగ్-కుల్ తేలిక అన్న రైడర్ గారికి: ఆ సరస్సు 3,016 మీటర్లు. కొచ్కోర్ ఊరి నుంచి కారులో నేరుగా వెళ్లి పడుకుంటే సిరోటా కంటే పైనే పడుకున్నట్టు. నడక లేదు కాబట్టి ఎత్తు లేదనుకుంటారు.

ఓరుగల్లు_రైడర్:
గీ మాట నాకు తెల్వదు. ఐతే కారుల గాకుండ కిజార్ట్ ఊరి దిక్కుకెళ్లి గుర్రం మీద రెండు రోజులల్ల పోతే మెల్లగ అలవాటైతది. జీను గట్టిగుంటది, తొడల లోపలి దిక్కు తోలు లేస్తది, పొడుగు పాయింటు మస్టు. "చూ" అంటే నడుస్తది. ఆగస్టుల గూడ రాత్రి వణికిపిస్తది.

నాగావళి:
శేషాచలం గారూ, మీరు "అక్కర్లేదు, అక్కర్లేదు" అని ఊదరగొడితే ఎవరో ఒకరు తల బద్దలయ్యేలా నొప్పి పెడుతున్నా పైకే వెళ్తారు. దానికి బాధ్యత ఎవరిది?

శేషాచలం:
బాధ్యత నా మీదికి నెట్టకండి. "గైడ్ ఉంటే చాలు" అన్న మీ మాటే ప్రమాదం. గైడ్ ఉన్నాడన్న ధైర్యంతోనే రెండు రోజుల్లో ముగించే ప్లానులు వేస్తారు. మనుషులకి కావాల్సింది రోజులు. జీతంలో కోత పడకుండా వారం సెలవు దొరికేవాళ్లకి గైడ్ చార్జీ బరువు కాదు. దొరకనివాళ్లకి కొండే వద్దంటారా?

నాగావళి:
నేను గైడ్ అంటున్నది దారి కోసం కాదండీ. వెనక్కి తిరగడం కోసం. నలుగురు స్నేహితులు, టికెట్లు కొన్నారు, సెలవు పెట్టారు. ఒకడికి ఒళ్లు తేడాగా ఉన్నా "నా వల్ల అందరికీ పాడైపోతుంది" అని నోరు మూసుకుంటాడు. మిగతా ముగ్గురూ చూసీ చూడనట్టు ఉంటారు. ఆ మాట అనడానికి, డబ్బు తీసుకుని మొహమాటం లేకుండా ఉండే మనిషి కావాలి. ఇదే మొదట్నుంచీ నా బాధ.

శేషాచలం:
ఆ ముక్క మొదట్లోనే చెప్పుంటే 3,860 దగ్గర ఇంతసేపు ఆగేవాణ్ని కాదు. అయినా నా మాట మార్చుకోను. వెనక్కి తిరిగే షరతు కరకోల్‌లోనే పెట్టుకోవచ్చు. "పదకొండింటికల్లా కనుమ మీద లేకపోతే తిరుగు. ఎవరు తూలినా తిరుగు. కారణం అడగకూడదు." బయల్దేరే ముందే నలుగురూ ఒప్పుకోవాలి.

నాగావళి:
ఒప్పుకుంటారు. పైన ఎవరూ పాటించరు.

పాలపిట్ట:
తమ్ముడితో మాట్లాడాను. ఇస్సిక్-కుల్ సరస్సు దగ్గర 1,600లో ఒక రాత్రి, కరకోల్‌లో రెండు, సిరోటాలో ఒకటి, అరషాన్‌లో ఒకటి. తూలితే తిరగాలన్న షరతు నలుగురికీ పంపాను. ముగ్గురు సరే అన్నారు, ఒకడు ఇంకా జవాబివ్వలేదు. గైడ్ విషయం వాడి జవాబు వచ్చాక తేలుస్తాను. ఇంకొకటి, వంట మేమే చేసుకుంటాం. కందిపప్పు, బియ్యం తెస్తున్నాం, సరిపోతుందా?

కృష్ణలంక:
కందిపప్పు వద్దు. సరస్సు దగ్గర నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, గంట ఉడికినా పప్పు పలుకుగానే ఉంటుంది, గ్యాసు అయిపోతుంది. గ్యాసు డబ్బా విమానంలో రానివ్వరు, కరకోల్‌లోనే కొనాలి. మర తిప్పి బిగించే (స్క్రూ) డబ్బాకి సరిపోయే స్టవ్ మీ దగ్గరుందో లేదో ముందు చూసుకోండి. అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, మరమరాలు పట్టుకెళ్లండి. రవ్వలో పోపు ఇంట్లోనే కలిపేస్తే అక్కడ వేడినీళ్లు పోసి మూతపెట్టి పది నిమిషాలు ఆగితే చాలు.

శేషాచలం:
ఆవకాయ గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో. పైకెళ్లే కొద్దీ మూత ఉబ్బి నూనె కారుతుంది, రెండు కవర్లలో చుట్టండి.