సముద్రం ఒడ్డున పాత ఇల్లు: సన్‌షేడ్‌లు కొట్టేయాలా?

ఉప్పుగాలి:
నాన్న కట్టించిన ఇల్లు, నలభై ఏళ్లు దాటింది. వరండా దిగితే ఇసుకే. దాన్ని మినిమలిస్ట్‌గా మార్చాలని నా కోరిక. సముద్రం వైపు గోడ తీసేసి నేల నుంచి స్లాబు దాకా గాజు, తెల్ల గోడలు, గోడ అడుగున నేల వెంట వేసే పట్టీ, అదే స్కర్టింగ్, ఉండదు. కిటికీల మీద ఉన్న సన్‌షేడ్‌లు కూడా కొట్టేస్తే ఇల్లు నున్నగా కనిపిస్తుందని ఆర్కిటెక్ట్ అంటున్నారు. నాన్నేమో "ముందు ఒక వానాకాలం ఆ కిటికీ పక్కన పడుకో, తర్వాత కొట్టేద్దువు" అంటున్నారు. గోడలకి అడుగు ఎత్తు దాకా రంగు ఉబ్బి రాలుతోంది. హాల్లో స్లాబు పెచ్చు ఊడి చువ్వ కనిపిస్తోంది. పుట్టీ పెట్టేస్తే సరిపోతుందా?

పాతగచ్చు:
పుట్టీ వద్దు! చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికే పెచ్చు ఊడింది. పైన పూస్తే లోపల తుప్పు ఆగదు. స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి. ఆ గోడ స్లాబు బరువు మోస్తోందేమో కూడా అడగండి. మోస్తుంటే బీమ్ వేయకుండా దాన్ని ముట్టుకోకూడదు.

రెండోవాన:
మీ నాన్నగారి మాట వినండి. నేను వినలేదు. సన్‌షేడ్‌లు కొట్టించిన ఏడాదే గాలివాన గాజు చట్రం అంచుల్లోంచి లోపలికొచ్చింది. సిలికాన్ రెండుసార్లు పూయించాను. ఆఖరికి కిటికీల మీద పల్చటి అల్యూమినియం రేకు చూరులా పెట్టించాక ఆగింది. దూరం నుంచి ఒక గీతలా ఉంటుంది, నున్నదనం ఏమీ పోలేదు.

రెయిలింగ్‌కి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వేయించాను, గోధుమరంగు మరకలు పడ్డాయి. 316 అడగండి. దాంట్లో మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పుని బాగా తట్టుకుంటుంది. అయినా అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాల్సిందే. గాజు సంగతి చెప్పక్కర్లేదు, తుడవడం మా ఇంట్లో ఒక ఉద్యోగం.

ఉబ్బిన గోడకి వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయకండి, చెమ్మ బయటికి పోలేక ఇంకా పైకెక్కుతుంది. సున్నపు పూత వేస్తే గోడ ఆరుతుంది. అదీ తెల్లగానే ఉంటుందిగా!

నీటిమట్టం:
మినిమలిజం మోజుంటే అమెరికాలో ఫాక్స్ నది ఒడ్డున ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో కట్టిన గాజు ఇల్లు ఫార్న్స్‌వర్త్ హౌస్ చరిత్ర చూడండి. ఇంటి నేలని ఐదడుగులకి పైగా ఎత్తున నిలబెట్టినా 1954లో, 1996లో వరద లోపలికొచ్చింది. స్విచ్ బోర్డులు పైకి పెట్టించుకోండి.

ఉప్పుగాలి:
ఇంజనీరు వచ్చే వారం వస్తున్నారు. సన్‌షేడ్‌లు ఉంచేస్తున్నాం. ఇదంతా నాన్నకి చదివి వినిపిస్తే, "స్కర్టింగ్ లేకపోతే తడిగుడ్డ మరకలు గోడకి అంటవా?" అని కొత్త ప్రశ్న వేశారు. దీనికెవరైనా చెప్పండి.