స్నిగ్ధత పెరిగితే కృష్ణబిలం చుట్టూ వెలుగు పెరుగుతుందా?

నల్లకుంట – డిగ్రీ కళాశాల అధ్యాపకుడు:

బిర్లా ప్లానెటోరియం చూసి వస్తూ మా విద్యార్థులు మొదలుపెట్టిన వాదాన్ని మీ ముందు ఉంచుతున్నాను. కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువు, అంటే అక్రీషన్ డిస్క్, లోపలికి దిగాలంటే తన కోణీయ ద్రవ్యవేగాన్ని వదులుకోవాలి. లోపలి వలయం వేగంగా, దాని పక్కనున్న బయటి వలయం నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి, వాటి మధ్య ఘర్షణ ఆ ద్రవ్యవేగాన్ని బయటికి చేరవేస్తుంది. ఇంతవరకు పేచీ లేదు. స్నిగ్ధత, అంటే ఆ ఘర్షణకు కారణమైన జిగట, రెట్టింపయితే వేడితో పాటు వెలుగు కూడా రెట్టింపవుతుందని ఒక పక్షం, కాదని మరో పక్షం పట్టుబట్టాయి. నా మొగ్గు మొదటి పక్షానికే.

తార్నాక – పరిశోధక విద్యార్థిని:

సార్, నిలకడగా సాగే పలుచని డిస్క్ విషయంలో రెండో పక్షం మాటే సరైనది. బిలంతో జంటగా తిరిగే నక్షత్రం నుంచి సెకనుకు ఎంత వాయువు వచ్చి పడుతుందో, నిలకడ స్థితిలో అంతే బిలంలోకి పోతుంది. స్నిగ్ధత ఎక్కువైతే వాయువు త్వరగా జారిపోయి డిస్క్‌లో నిల్వ తగ్గుతుంది; తక్కువైతే పేరుకుపోతుంది. ఘర్షణలో పుట్టే వేడి ఈ రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుంది, ఆ లబ్ధమేమో మారదు. అందుకే ఒక్కో వలయం వెదజల్లే శక్తి సూత్రంలో బిలం ద్రవ్యరాశి, ప్రవాహ రేటు, దూరం ఉంటాయి గాని స్నిగ్ధత ఉండదు. పడే పదార్థపు ద్రవ్యరాశికి సమానమైన శక్తిలో, బిలం తన చుట్టూ తాను తిరగకపోతే సుమారు 5.7 శాతం, బిలం గరిష్ఠ వేగంతో తిరుగుతుంటే 42 శాతం దాకా వెలుగుగా మారగలదు. ఆ అంకెలను నిర్ణయించేది చివరి స్థిర కక్ష్య, అంటే వాయువు బిలంలోకి పడిపోకుండా తిరగగల అతి లోపలి కక్ష్య.

పైగా 1973లో షకురా, సున్యాయెవ్ స్నిగ్ధతను కొలవడానికి ప్రవేశపెట్టిన ఆల్ఫా అనే సంఖ్య, వాయువుకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. కేవలం కణాల తాకిడి వల్ల కలిగే స్నిగ్ధతనే నమ్ముకుంటే, జంట నక్షత్రపు డిస్క్‌లో వారాల్లో ముగిసే ప్రవాహానికి కోట్ల ఏళ్లు పడుతుంది. కారణమేదైనా, వలయాల మధ్య ప్రతిబలం (ఒకదాన్నొకటి లాగే బలం) పీడనంలో ఎన్నో వంతో చెప్పే సంఖ్యే ఆల్ఫా.

మెహిదీపట్నం – విశ్రాంత ఇంజనీరు:

అమ్మా, నిలకడ అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. వీ404 సిగ్ని అనే జంటలో, సూర్యుడికి దాదాపు 9 రెట్ల బరువున్న కృష్ణబిలం 1989 తర్వాత 26 ఏళ్లు అణిగి ఉండి, 2015 జూన్‌లో ఒక్కసారిగా భగ్గుమంది. అన్నేళ్లూ సహచర నక్షత్రం వాయువు పంపుతూనే ఉంది, అది డిస్క్‌లో నిలిచిపోయింది. హైడ్రోజన్ అయనీకరణం చెందేంత వేడి, అంటే కొన్ని వేల డిగ్రీలు, చేరగానే ఆల్ఫా కొన్ని రెట్లు పెరిగి నిల్వ అంతా జారుతుందని ఇలాంటి విస్ఫోటాలకు ప్రధాన వివరణ. మరి ఆ వెలుగులో స్నిగ్ధత పాత్ర లేదనడం ఎలా?

రెండోది, 1994లో నారాయణ్, యీ వివరించిన ప్రవాహంలో వాయువు సాంద్రత మరీ తక్కువై చల్లారలేదు. ఘర్షణ వేడిని తనతోనే బిలంలోకి మోసుకుపోతుంది. మన పాలపుంత కేంద్రంలోని బిలం అంత మసకగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. ప్రవాహ రేటు ఎంతకు పడిపోతే ఈ స్థితి వస్తుందనే హద్దు, ఆ సిద్ధాంతంలో ఆల్ఫా వర్గాన్ని బట్టి మారుతుంది.

తార్నాక – పరిశోధక విద్యార్థిని:

రెండూ ఒప్పుకుంటాను సార్. కానీ అక్కడ మారుతున్నది నిజంగా జిగటా, అయస్కాంత క్షేత్రపు పట్టా అన్నదే నాకు అసలు ప్రశ్న. 1991లో బాల్బస్, హాలీ చూపినది ఇదే: బలహీనమైన క్షేత్ర రేఖ రెండు వలయాలను స్ప్రింగ్‌లా కలిపితే, ముందుకు పరిగెత్తే లోపలి వాయువు వెనక్కి లాగబడి ఇంకా లోపలికి, వెనకబడిన బయటి వాయువు ముందుకు లాగబడి ఇంకా బయటికి పోతాయి. స్ప్రింగ్ సాగేకొద్దీ లాగుడు పెరిగి ప్రవాహం సుడులు తిరుగుతుంది. చల్లని వాయువులో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు తక్కువ కాబట్టి ఆ పట్టు సడలుతుంది. అయినా లెక్క పూర్తిగా కుదరలేదు: డ్వార్ఫ్ నోవా (శ్వేత కుబ్జ తార చుట్టూ ఉన్న డిస్క్ అప్పుడప్పుడు భగ్గుమనే జంట) విస్ఫోటాలు ఆల్ఫాను 0.1 నుంచి 0.3 వరకు కోరుతుంటే, బయటి క్షేత్రం లేని కంప్యూటర్ అనుకరణలు చాలావాటిలో 0.01 చుట్టుపక్కలే వస్తోంది. ఈ తేడాను 2007లో కింగ్, ప్రింగిల్, లివియో గట్టిగా ఎత్తిచూపారు.

నల్లకుంట – డిగ్రీ కళాశాల అధ్యాపకుడు:

క్షేత్రం డిస్క్ నుంచి పైకి లేచి, వాయువును గాలిలా ఎగదోస్తూ ద్రవ్యవేగాన్ని తీసుకుపోతే, మీ మొదటి సూత్రం నిలుస్తుందా?

తార్నాక – పరిశోధక విద్యార్థిని:

నిలవదు సార్. 1982లో బ్లాండ్‌ఫర్డ్, పేన్ చెప్పిన ఆ మార్గంలో ద్రవ్యవేగం పక్క వలయానికి కాక పైకి పోతుంది, శక్తిలో కొంత భాగం కూడా దానితోనే పోతుంది. ప్రవాహ రేటు అన్ని వలయాల్లో ఒకటిగా ఉండదు కాబట్టి, నా లెక్కకు ఆధారమైన నిలకడే అక్కడ మారిపోతుంది.