మొదటి కథల పుస్తకం: ఎన్ని కాపీలు వేయించాలి?

నమస్కారం అండీ. పద్నాలుగు కథలతో నా మొదటి సంపుటి సొంత డబ్బుతో వేసుకుంటున్నాను. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త దారి చూపించండి.

నేను యూనికోడ్‌లో టైప్ చేసిచ్చాను. పేజీలు కూర్చే డీటీపీ ఆయన దాన్ని అచ్చుపనిలో వాడే అను ఫాంట్లలోకి మార్చేసరికి అక్కడక్కడా వత్తులు ఎగిరిపోయాయి. మూడో కథలో 'అమ్మమ్మ' కాస్తా 'అమమ' అయింది. నాలుగుసార్లు చదివినా నా కంట పడలేదు, మా చెల్లి ఒక్క చూపులో పట్టేసింది! ప్రూఫులు బయటివాళ్ళతో దిద్దిస్తే పేజీకి ఎంత తీసుకుంటారు?

ప్రింటర్ 1000 కాపీలు వేస్తే ఒక్కోటి చవకగా పడుతుందంటున్నారు. లెక్క నిజమే. కానీ మా బాబాయి కవితల పుస్తకాలు అట్టపెట్టెల్లో ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి. అందుకే ముందు 200 డిజిటల్ ప్రింట్ వేయించి, అయిపోతే మళ్ళీ వేయిద్దామని నా ఆలోచన. డిజిటల్‌లో అక్షరం పలచబడుతుందా?

ఇంకొకరు ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) ఇప్పిస్తానని 3000 రూపాయలు అడిగారు. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది కదా! రచయితలే నేరుగా దరఖాస్తు చేసుకుని తెచ్చుకున్నవాళ్ళు ఉంటే, ఏయే కాగితాలు అడిగారో, ఎన్నాళ్ళు పట్టిందో చెప్పగలరా? కవర్ ఆగింది ఆ నంబరు కోసమే.