మరణచ్ఛాయా, గాఢాంధకారమా? ఇరవైమూడో కీర్తనలో ఒక మాట

కొర్లగుంట పాఠకుడు:
కీర్తనలు 23, నాలుగో వచనం. నా చెవిలో ఉన్నది "మరణచ్ఛాయ లోయలో నేను సంచరించినను" అని. ఇక్కడ తిరుపతిలో మా సంఘం పెద్దలు ప్రార్థనలో అలాగే అంటారు. ఆదివారం పిల్లల పాఠం కోసం, నేను వాడే బైబిలు అధ్యయన సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేర్చిన కృత్రిమ మేధను ఆ వచనం పూర్తిగా ఇవ్వమని తెలుగులోనే అడిగాను. "మరణ ఛాయ లోయ గుండా నేను నడిచినప్పటికీ ఏ కీడుకూ భయపడను" అని ఇచ్చి, కింద "పరిశుద్ధ గ్రంథము, కీర్తనలు 23:4" అని ఆధారం కూడా వేసింది. అచ్చు పుస్తకం తీస్తే "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను" అని ఉంది. అందులో మరణమూ లేదు, ఛాయా లేదు. అదే సాఫ్ట్‌వేర్‌లో మామూలు వెతుకుడు పెట్టెలో "మరణచ్ఛాయ" అని కొడితే యెషయా 9:2, మత్తయి 4:16, లూకా 1:79 వచ్చాయి. "మరణఛాయ" అని కొడితే ఒక్కటీ రాలేదు. నేను అడిగేది ఒక్కటే: తెలుగులో అచ్చయిన ఏ ప్రతిలోనైనా ఈ కీర్తనలో మరణచ్ఛాయ ఉందా?

వ్యాకరణాభిమాని, తిరుపతి:
"మరణ ఛాయ" అని విడగొట్టి ఇచ్చినప్పుడే అది పుస్తకం చూసి రాసింది కాదని తేలిపోయింది. "ఛే చ" అని పాణిని సూత్రం. హ్రస్వం మీద ఛకారం వస్తే తుగాగమం, అంటే ఛకు ముందు ఒక తకారం చేరి చకారంగా మారడం, నిత్యం. వృక్షచ్ఛాయ, తరుచ్ఛాయ, మరణచ్ఛాయ. పదాంత దీర్ఘం మీదైతే వికల్పం, లక్ష్మీఛాయ అన్నా లక్ష్మీచ్ఛాయ అన్నా తప్పులేదు. మరణ శబ్దం చివర ఉన్నది హ్రస్వం. బైబిలు అనువాదకులు సంస్కృతం తెలిసినవారు. వాళ్ల చేతిలో ఆ చకారం జారిపోదు.

పలమనేరు టీచర్:
అయ్యా, సూత్రం సరే. తెలుగువాళ్లం చామనచాయ అంటాం, మినపచాయ అంటాం. అక్కడ ఏ తుగాగమమూ లేదు కదా? పెద్దలు ప్రార్థనలో "మరణచాయ" అనే ఉంటారు. విన్నవారు తర్వాత దాన్ని సంస్కృతం చేసుకొని ఉండవచ్చు.

వ్యాకరణాభిమాని:
టీచర్ గారూ, చామనచాయలోది తద్భవం. చాయ వేరు, ఛాయ వేరు. చాయ అంటే రంగు. చామనచాయ మనిషిని చూసి ఎవరూ నీడను తలుచుకోరు.

పాతప్రతి, చిత్తూరు:
ఛ ఒత్తు దగ్గరే ఆగితే అసలు గొడవ తప్పిపోతుంది. గొడవ హీబ్రూలోనే ఉంది. అక్కడి మాట సల్మావెత్. పాత నిబంధనలో 18 సార్లు వస్తుంది, అందులో 10 యోబు గ్రంథంలోనే. హీబ్రూ మూలం మొదట హల్లులతోనే నడిచింది, అచ్చుల గుర్తులు మసోరెట్ అనే యూదు పండితులు వందల ఏళ్ల తర్వాత చేర్చారు. వాళ్లు పెట్టిన గుర్తుల ప్రకారం చదివితే సల్ + మావెత్, అంటే నీడ + మరణం. అవే హల్లులను సల్మూత్ అని చదివితే ఒకే మాట, చీకటి అని అర్థం. హీబ్రూకు బంధువైన ప్రాచీన భాష అక్కాడియన్‌లో సల్ము అంటే నలుపు. అరబ్బీలోనూ చీకటికి దీని బంధువైన ధాతువే ఉంది. మావెత్ అంటారా, మూత్ అంటారా, ఈ అచ్చుల తేడా మీదే లోయ పేరు మారిపోతుంది.

గ్రీకులోకి తెచ్చినవారు మావెత్ పక్షం, అందుకే స్కియా థనాతూ, మరణపు నీడ. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ ప్రతి ఆ దారినే పోయింది. మనవాళ్లు ఈ కీర్తనలో రెండో పక్షం పట్టారు. ఇంగ్లీషులో 1989 ఎన్.ఆర్.ఎస్.వి., 2011 ఎన్.ఐ.వి. అనువాదాలు వచ్చేసరికి అక్కడా మరణపు నీడ పోయి దట్టమైన చీకటి లోయ వచ్చింది. అంటే మన గాఢాంధకారం వాళ్లకన్నా ముందే అక్కడికి చేరింది. ఈ మాట సండేస్కూలులో తప్పకుండా చెప్పండి.

కొర్లగుంట పాఠకుడు:
మరి యెషయా 9:2లో అదే సల్మావెత్‌కు మరణచ్ఛాయ అని ఎందుకు పెట్టారు?

పాతప్రతి:
మత్తయి కోసం అని నా అభిప్రాయం. మత్తయి 4:16 ఆ యెషయా వచనాన్నే ఎత్తి చూపుతుంది, గ్రీకులో అక్కడ స్పష్టంగా థనాతూ ఉంది. మత్తయిలో మరణచ్ఛాయ తప్పదు. అప్పుడు యెషయాలో గాఢాంధకారం అంటే ప్రవచనానికీ నెరవేర్పుకూ పొత్తు కుదరదు. కీర్తనకు ఆ కట్టుబాటు లేదు. 107వ కీర్తనలో చూడండి, మరణాంధకారం అన్నారు. రెండు పక్షాలనూ ఒకే సమాసంలో కూర్చోబెట్టారు!

నగరి వాసి:
మరణాంధకారం అనగానే నాకు తమిళ బైబిలు గుర్తొచ్చింది. అందులో 23వ కీర్తనలోనే "మరణ ఇరుళిన్ పళ్ళత్తాక్కిలే" అని ఉంటుంది. మరణపు చీకటి లోయ. కొర్లగుంట గారి పెద్దల మాటకు మూలం ఇదే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతంలో చాలాభాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలోదే. ఆర్కాటు మిషను వాళ్లు తమిళ ఊళ్లలోనూ తెలుగు ఊళ్లలోనూ పనిచేశారు. చికిత్సకు వేలూరు పోయిన కుటుంబాలు అక్కడి తమిళ ఆరాధనల్లో కూర్చునేవి. చెవిలో మరణ ఇరుళ్, చేతిలో తెలుగు పుస్తకం. ప్రార్థనలో రెండూ కలిసి మరణచ్ఛాయ అయింది.

వ్యాకరణాభిమాని:
ఇరుళ్ అంటే చీకటి. అది మరణాంధకారం కావాలి గాని ఛాయ ఎలా అవుతుంది?

నగరి వాసి:
మరణ అనే సగం తమిళం ఇచ్చింది, ఛాయ అనే సగం యెషయా ఇచ్చాడు. క్రిస్మస్ వచ్చిందంటే యెషయా తొమ్మిదో అధ్యాయం చదవని గుడి ఉందా?

పలమనేరు టీచర్:
నా బాధ వేరే. మరణపు నీడ అంటే మన పిల్లలకు భయం ఎలా పుడుతుంది? ఈ జిల్లా మే నెల ఎండలో నీడ అంటే ప్రాణం. నిలువ నీడ లేదు అంటాం, గూడూ నీడా అంటాం. 91వ కీర్తనలో "సర్వశక్తుని నీడను విశ్రమించువాడు" అని ఎంత హాయిగా ఉంటుంది! పాతప్రతి గారూ, అక్కడి హీబ్రూ మాట కూడా ఈ సల్ కుటుంబమే కదా?

పాతప్రతి:
అవునమ్మా, సేల్, నీడ. 121వ కీర్తనలో "యెహోవా నీకు నీడగా ఉండును" అన్నచోటా అదే. మీరు మంచి చోట పట్టారు.

పలమనేరు టీచర్:
అందుకే అంటున్నాను, 23లో నీడ పెట్టకపోవడం అనువాదకుల వివేకం. దేవుడి నీడ చల్లగా ఉండాలంటే ఈ లోయలో నీడ ఉండకూడదు. పిల్లలకు నేనైతే కటిక చీకటి అని చెబుతాను. కటిక అన్న మాటలోనే కటికవాడి కత్తి ఉంది, చావు దానంతటదే వినిపిస్తుంది.

వ్యాకరణాభిమాని:
అలా అయితే కటిక నేల మీద పడుకున్నవాడికీ కత్తి వినిపించాలి. కటిక దరిద్రం, కటిక ఉపవాసం, ఇవన్నీ తీవ్రతను చెప్పేవే. అక్కడ కటికవాడికి పని లేదు.

పాతప్రతి:
తీవ్రత అన్నారు కాబట్టి ఒక మాట. మావెత్ పక్షంలోనే కొందరు పండితులు ఇక్కడ మరణం అన్నది తీవ్రతను చెప్పడానికే వచ్చిందంటారు. మనం చచ్చేంత భయం, చచ్చేంత ఆకలి అన్నట్టే, చచ్చేంత చీకటి. అప్పుడు మావెత్ అని చదివినా అర్థం గాఢాంధకారమే అవుతుంది. టీచర్ గారి కటిక, దారి వేరైనా, చేరవలసిన చోటికే చేరింది.

రేణిగుంట సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
మొదటి ప్రశ్నకు వస్తాను. ఆ కృత్రిమ మేధ అలా ఎందుకు చెప్పిందో నా పనిలో రోజూ చూస్తుంటాను. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో రెండు రకాల పనులు జరుగుతాయి. ఒకటి వెతుకుడు: మీరు కొట్టిన అక్షరాలు పుస్తకంలో ఉన్నాయా లేవా అని పోల్చి చూడటం. కంప్యూటర్‌కు "చ్ఛా" అంటే చ, పొల్లు, ఛ, దీర్ఘం, నాలుగు సంకేతాలు. అందులో మొదటి రెండూ లేకపోతే అది వేరే మాట, అందుకే "మరణఛాయ" దొరకలేదు. రెండోది భాషా నమూనా. అది పుస్తకం తెరిచి చూడదు. ఇంతకుముందు ఏ మాట తర్వాత ఏ మాట వచ్చేదో నేర్చుకొని, తర్వాతి మాటను అంచనా వేస్తూ పోతుంది. అది నేర్చుకున్నదాంట్లో ఇంగ్లీషు కొండంత, తెలుగు పిడికెడు. ఆ కొండలో ఈ వచనం పక్కన మరణపు నీడ లెక్కలేనన్ని సార్లు ఉంది. దాన్నే తెలుగు చేసి ఇచ్చింది. కింద వేసిన ఆధారం కూడా అంచనాయే.

ముందు పుస్తకంలోంచి వచనం తీసి నమూనా ముందు పెట్టి, ఇందులోంచే చెప్పు అని కట్టడి చేసే పద్ధతి ఉంది. అలా చేసినచోట మాట తప్పడం బాగా తగ్గుతుంది. తెలుగు ప్రతి ఆ గ్రంథాలయంలో లేకపోతే మాత్రం మళ్లీ ఇంగ్లీషు మీదే పడుతుంది. కాబట్టి వచనం దాన్ని అడగకండి. ఏ అధ్యాయం, ఏ వచనం అన్నంతవరకే అడగండి, తర్వాత పుస్తకం మీరే తెరవండి. హీబ్రూ మాటలు చూడాలంటే కేంబ్రిడ్జి టిండేల్ హౌస్ వారి స్టెప్ బైబిల్ అనే వెబ్‌సైటు ఉచితం. ఏ మాట కింద ఏ మాట ఉందో చూపిస్తుంది.

కొర్లగుంట పాఠకుడు:
ఇది నాకు చాలా ఉపయోగం. నేను కోపంగా అడుగుతున్నాననుకోవద్దు, కాని ఒక మాట చెప్పాలి. వ్యాఖ్యానంలో పొరపాటు చేస్తే పాస్టరు గారు దిద్దుతారు. వచనమే మారిస్తే? పిల్లలు కంఠస్థం చేసేది దాన్నే. తెలుగు చదువుకున్నవాళ్లు ఇలాంటి సాధనాలను పరీక్షించి, ఎక్కడ తప్పుతోందో తయారుచేసిన వారికి రాయాలి. మన భాషకు ఆ పని వేరే ఎవరూ చేసిపెట్టరు. పాతప్రతి గారూ, మీ దగ్గరి పాత ముద్రణల్లో 23:4 ఉన్న పుట ఫొటో తీసి పెట్టగలరా?

భాగవతప్రియ, చంద్రగిరి:
ఇంతసేపు చీకటి గురించి మాట్లాడి ఒక్కరూ పోతనను తలవకపోవడం ఆశ్చర్యంగా ఉంది. గాఢాంధకారం, మరణాంధకారం, ఛాయ, ఇవన్నీ ఎందుకు? తెలుగులో ఆ మాట ఎప్పుడో ఉంది.

లోకంబులు లోకేశులు
లోకస్థులుఁ దెగినఁ దుది నలోకంబగు పెం
జీఁకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్.

పెంజీకటి! లోకాలన్నీ పోయాక మిగిలేది. అందులో మరణమూ ఉంది, చీకటీ ఉంది. దానికి అవతల వెలిగేవాణ్ణి నమ్ముకొని ఏనుగు నిలబడింది. కీర్తనలో గొర్రె నిలబడిందీ అలాంటి నమ్మకం మీదే. "పెంజీకటి లోయలో నేను సంచరించినను" అని ఒకసారి పైకి చదివి చూడండి.

పలమనేరు టీచర్:
చదివాను. ఒళ్లు జలదరించింది.

వ్యాకరణాభిమాని:
పద్యం అద్భుతమే, అందులో రెండో మాట లేదు. అయితే అక్కడ పెంజీకటి రావడానికి కందపద్యం కూడా ఒక కారణం. ప్రాస కకారం. లోకంబులు, లోకస్థులు అయ్యాక మూడో పాదం రెండో అక్షరం "క" కావాలి. అందుకే పెం అని రెండో పాదం చివర విరిచి జీఁకటితో మూడోది ఎత్తుకున్నాడు.

భాగవతప్రియ:
అక్కడే పోతన గొప్పతనం. పెం దగ్గర ఊపిరి ఆగి, జీకటితో కిందికి దిగుతాం. చదివేవాడే ఆ చీకట్లోకి అడుగు పెడతాడు. ప్రాస కోసం మాట వెతుక్కున్నవాడికి ఆ విరుపు దొరకదు.

నగరి వాసి:
నాలుగో పాదంలో కొందరు "ఎవ్వడే ఆకృతి" అని విడగొట్టి చెబుతారు. మీరేమంటారు?

భాగవతప్రియ:
ఎవ్వండు ఏకాకృతి. ఒకే రూపంగా వెలిగేవాడు. "ఎవ్వడే ఆకృతి" అంటే తర్వాతి కకారం ఎక్కడిది?

పాతప్రతి:
ప్రాసలో ఇంకో సంగతి ఉంది. జీఁకటిలో కకారం ముందు అరసున్న ఉంది, మిగతా మూడు పాదాల్లో లేదు. ఖండాఖండ ప్రాస. పోతన లాంటివాడే దాన్ని అంగీకరించాడు.

రేణిగుంట సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
అరసున్న ఉన్న ప్రతిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే పెంజీకటి అని వెతికినవాడికి ఈ పద్యం దొరకదు. అందుకే వెతుకుడు పెట్టెలో అరసున్నను లెక్కలోంచి తీసెయ్యాలి. చ్ఛ, ఛ రెండింటినీ ఒకటిగా చూడమనీ చెప్పవచ్చు.

వ్యాకరణాభిమాని:
ఛ సంగతి ఒప్పుకుంటాను. అరసున్న తీసేస్తే మాత్రం ఒప్పుకోను. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే అంకె. రెండూ ఒకటే అని మీ యంత్రానికి నేర్పితే, పాత కావ్యాల్లో సంవత్సరాలు వెతికేవాడికి అంకెలు ఇస్తుంది.

రేణిగుంట సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
రెండూ చూపించి, అరసున్నతో సరిపోయినవాటిని పైన పెట్టవచ్చు సార్.

వ్యాకరణాభిమాని:
శకటరేఫ (ఱ) మాటేమిటి మరి?