డీఎంఐటీ రెండేళ్లా, డిగ్రీ నాలుగేళ్లా? మా అమ్మాయికి ఏది మేలు?

ముమ్మిడివరం నాన్న:
అందరికీ నమస్కారమండి. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటు వచ్చే మార్కులు రాలేదు, లాంగ్‌టర్మ్ వద్దంది. ఎక్స్‌రే, స్కానింగ్ టెక్నీషియన్ అవుతానంటోంది. డీఎంఐటీ, అంటే మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిప్లొమా అయితే రెండేళ్లు. బీఎస్సీ ఇమేజింగ్ అయితే ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. నాది ఎకరంన్నర కొబ్బరి తోట, అదీ కౌలుకి. ఇంకో రెండేళ్లు ఫీజులంటే టెన్షన్‌గానే ఉంది. పైగా మా బావగారు "పెళ్లి కావాల్సిన పిల్లకి రేడియేషన్ ఉద్యోగమేంటి" అని ఇల్లెగిరేలా అరుస్తున్నారు.

భీమవరం సీటీ:
డిప్లొమా చేయించండి. మన రాష్ట్రంలో రేడియోగ్రాఫర్ (ఎక్స్‌రే తీసే టెక్నీషియన్) పోస్టులకి సీఆర్‌ఏ (ఎక్స్‌రే అసిస్టెంట్ సర్టిఫికెట్), డీఎంఐటీ లాంటి అర్హతలే అడుగుతారు, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. సీట్లలో మొదటి ప్రాధాన్యం బైపీసీ వాళ్లకే. నేను ఇరవై ఏళ్లకే ఉద్యోగంలో చేరాను. డిగ్రీ వాళ్లూ నేనూ కూర్చునేది ఒకే కన్సోల్ ముందు.

రాజోలు టు దోహా:
మీరన్నది మన గోదావరి గట్టు దాటనంతవరకే నిజం. నేనూ డిప్లొమాతోనే ఇక్కడికొచ్చా. నా పక్కన మలయాళీ అమ్మాయి, ఆరేళ్లు చిన్నది. ఎంఆర్ఐలో మోకాలు ఎలా పెట్టాలో నేనే నేర్పాను. ఈ రోజు గ్రేడూ జీతమూ ఆవిడకే ఎక్కువ, డిగ్రీ ఉంది కాబట్టి. మన దేశంలోనూ 2021లో అలైడ్ హెల్త్‌కేర్ (టెక్నీషియన్ల లాంటి వైద్య అనుబంధ వృత్తుల) చట్టం వచ్చి ఈ వృత్తులన్నిటికీ జాతీయ కమిషన్ పెట్టారు. ఇకమీదట గాలి డిగ్రీ వైపే వీస్తుంది.

డార్క్‌రూమ్ బాబాయి:
రిటైరైన రేడియోగ్రాఫర్ని. హైపో అనే మందు కలిపిన నీళ్లలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగి వేళ్లు పచ్చబడిన కాలం మాది. మీరిద్దరూ సర్టిఫికెట్ల లెక్క చెబుతున్నారు. నేనొక కేసు చెబుతా.

కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డ మనిషిని మంచం మీదే తెచ్చారు. మెడ నొప్పంటున్నాడు. ఆ రోజు డ్యూటీలో ఉన్న పిల్లాడు డిగ్రీలో ఫస్ట్ క్లాసు. పక్క ఫొటో తీయాలని మనిషిని పక్కకి దొర్లించబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. అలాంటప్పుడు కదపాల్సింది మనిషిని కాదు, ఎక్స్‌రే వచ్చే ట్యూబుని. దాన్ని అడ్డంగా తిప్పి, ఫిల్ము ఉండే క్యాసెట్‌ని రెండోపక్క భుజాన్ని ఆనించి నిలబెట్టి తీయాలి. మెడలో ఏడు ఎముకలుంటాయి, ఏడోది తరచూ భుజాల నీడలో దాక్కుంటుంది. అది కనపడకపోతే ఆ ఫొటోతో మెడకి ఏం కాలేదని చెప్పడానికి లేదు. ఆ పిల్లాడికి ఇదంతా పుస్తకంలో వచ్చు. మెషీన్ దగ్గర చేసింది మాత్రం ఎప్పుడూ లేదు. వాడి కాలేజీలో ఎక్స్‌రే యూనిట్‌కి గుడ్డ కప్పి ఉంచేవాళ్లట, ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడే తీసేవాళ్లట!

రాజోలు టు దోహా:
బాబాయిగారూ, ఒక్క కాలేజీని చూసి డిగ్రీనే కొట్టిపారేస్తే ఎలాగండి? గుడ్డ కప్పిన మెషీన్లు డిప్లొమా కాలేజీల్లో లేవా?

డార్క్‌రూమ్ బాబాయి:
ఉన్నాయి బాబూ, ఇంకా ఎక్కువే ఉన్నాయి. అందుకే ఈయనగారు ముందు కోర్సు పేరు కాదు, ఆసుపత్రి చూడాలంటున్నా. కాకినాడ జీజీహెచ్ లాంటి పెద్దాసుపత్రిలో నిలబడి నేర్చుకున్న డిప్లొమా పిల్లని, రోగులే రాని చోట డిగ్రీ తెచ్చుకున్న పిల్లని పక్కపక్కన పెడితే నేను మొదటిదాన్నే తీసుకుంటా. రెండూ ఒకేలాంటి ఆసుపత్రిలో దొరికితే డిగ్రీయే, అందులో పేచీ లేదు.

తణుకు మామో:
బావగారి మాటకి జవాబు నేను చెబుతా. తొమ్మిదేళ్లుగా ఇదే పని, ఇద్దరు పిల్లలు. బటన్ నొక్కేటప్పుడు మనం సీసపు అద్దం వెనక ఉంటాం. ఛాతీ మీద మనకి తగిలిన రేడియేషన్‌ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటాం, మూడు నెలలకోసారి ల్యాబుకి వెళ్తుంది. పరిమితి సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్‌ని కొలిచే లెక్క). నాది దాని దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు. గర్భం అని తెలియజేశాక బిడ్డకి పరిమితి 1 మిల్లీసీవర్టే, అప్పుడు డ్యూటీ మారుస్తారు. ఎంఆర్ఐలో అయితే ఈ రేడియేషనే ఉండదు. మామోగ్రఫీకి, అంటే రొమ్ము ఎక్స్‌రేకి మగవాళ్లు వస్తే రోగులే ఇబ్బంది పడతారు, కాబట్టి అమ్మాయిలకి డిమాండ్.

ఒక్కటి చెప్పాలి. స్కానింగ్ అంటే మీ అమ్మాయి మనసులో గర్భిణులకి చేసే అల్ట్రాసౌండ్ ఉంటే, అది టెక్నీషియన్ పని కాదు. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అర్హత ఉన్న డాక్టరే చేయాలి. చేరాక తెలిసి ఏడ్చిన వాళ్లని చూశాను.

ముమ్మిడివరం నాన్న:
ఆ సంగతి నిజంగా తెలియదండి, ఇంట్లో అందరం అదే అనుకుంటున్నాం. సోమవారం అమ్మాయిని తీసుకుని రెండు కాలేజీలు చూడటానికి వెళ్తున్నాం. ఎక్స్‌రే రూమ్‌లో రోజుకి ఎంతమంది వస్తున్నారో రిజిస్టర్ చూపించమని అడిగితే ఏమన్నా అనుకుంటారా?

డార్క్‌రూమ్ బాబాయి:
అనుకోనివ్వండి, ఫీజు కట్టేది మీరు. ఉదయం పదింటికి వెళ్లండి. నిజంగా నడిచే చోటైతే ఆ టైముకి రూమ్ ముందు బెంచీ ఖాళీ ఉండదు.